ముండ్లపొద నీడ

ఎన్నికలు దగ్గరపడిన ప్రతిసారీ మన క్రైస్తవ సంఘాలలో రోమా పత్రిక (అపొస్తలుడైన పౌలు రోములోని విశ్వాసులకు వ్రాసిన ఉత్తరం) పదమూడవ అధ్యాయం మొదటి వచనానికి గిరాకీ పెరుగుతుంది. ప్రచారానికి వచ్చిన అభ్యర్థిని ముందు వరుసలో ప్రత్యేకంగా వేసిన కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, "ఉన్న అధికారములు దేవుని వలననే నియమింపబడియున్నవి" అని చదివి, తలమీద చేతులుంచి ప్రార్థించి పంపడం విశాఖపట్నంలో ఏ ఒక్క పేటకో పరిమితమైన ముచ్చట కాదు. ఆ పెద్దమనిషికి ఇంకా ఏ అధికారమూ రాలేదు, ఓట్లు పడనే లేదు. అయినా వచనం మాత్రం ఆయనకు ముందే దక్కిపోతుంది. మరుసటి ఆదివారం అవతలి పార్టీ ఆయన వస్తే అదే కుర్చీ, అదే శాలువా, అదే వచనం. ఈ తంతు చూసి విసిగిన యువకులు కొందరు పూర్తిగా ఎదురు దిక్కుకు వెళ్ళిపోయారు. "మా రాజు క్రీస్తు ఒక్కడే, ప్రభుత్వాలన్నీ సాతాను కొండమీద ఎరగా చూపించిన రాజ్యాలే, మేము ఓటూ వేయము, వాళ్ళ జోలికీ పోము" అని యౌవనస్థుల కూటాలలో గట్టిగానే అంటున్నారు. వారి బాధ నాకు అర్థమవుతుంది. వారి మాట మాత్రం మింగుడు పడదు. ఈ ఇరువర్గాలనూ నేను కోరేది ఒక్కటే. కొద్దికాలం రోమా పత్రికను పక్కన ఉంచి, న్యాయాధిపతుల గ్రంథం తొమ్మిదవ అధ్యాయం తెరవండి.

గెరిజీము కొండమీద నిలబడి గిద్యోను కుమారుడు యోతాము షెకెము పట్టణపువారికి ఎలుగెత్తి వినిపించిన చెట్ల కథ మనకు సండేస్కూలు నాటినుండి తెలిసినదే. చెట్లు తమకొక రాజును అభిషేకించుకోవాలని బయలుదేరి ఒలీవను అడిగాయి, అంజూరాన్ని అడిగాయి, ద్రాక్షావల్లిని అడిగాయి, మూడూ కాదన్నాయి, చివరికి ముండ్లపొద సరేనన్నది. ప్రసంగాలలో సాధారణంగా ఇక్కడే ఆగి, మంచివాళ్ళు తప్పుకుంటే చెడ్డవాళ్ళు గద్దెనెక్కుతారని ఒక నీతి చెప్పి కూర్చుంటారు. ఆ నీతి తప్పని నేననను. కానీ రాజరికానికి ఒప్పుకుంటూ ముండ్లపొద పలికిన మొదటి మాటమీద ఎవరి చూపూ నిలవదు. "రండి, నా నీడను ఆశ్రయించుడి" అన్నది అది. ముండ్లపొదకు నీడ ఎక్కడిది? ఊరి చివర ఖాళీ స్థలాలలో అల్లుకుపోయిన తుమ్మపొదలను చూసినవారికి ఎవరూ వివరించనక్కరలేదు. (దాన్ని మనవాళ్ళు సర్కారు తుమ్మ అంటారు, ఆ పేరు నేను పెట్టినది కాదు.) మిట్టమధ్యాహ్నం దాని కింద నడుము వాల్చే చోటు దొరకదు, ఒంగి లోపలికి దూరబోతే చొక్కా చిరుగుతుంది, నేలమీద పడిన దాని నీడలో కూడా ఎండే ఎక్కువగా కనిపిస్తుంది.

ఇక కాదన్న మూడు చెట్లను చూడండి. ఆ మూడింటికీ నీడ ఉన్నది. సొలొమోను దినాలలో ప్రజలు నిర్భయంగా కూర్చున్నది తమ తమ ద్రాక్షచెట్ల కిందనూ అంజూరపు చెట్ల కిందనూ అని రాజుల గ్రంథం చెబుతున్నది. మీకా ప్రవక్త రాబోయే సమాధాన దినాన్ని వర్ణించవలసివచ్చినప్పుడు కూడా ఆ చిత్రాన్నే ఎంచుకున్నాడు. అయినా ఆ మూడు చెట్లలో ఒక్కటి కూడా "నా నీడకు రండి" అని పిలవలేదు. తమ తైలం గురించి, తమ మాధుర్యం గురించి, తమ రసం గురించి మాత్రమే మాట్లాడాయి. వాటిని విడిచి చెట్లమీద "ఇటు అటు ఊగుటకు" వస్తామా అని అడిగాయి. నీడ ఉన్నవి నీడ మాట ఎత్తలేదు. లేనిది మాత్రం ఆ మాటతోనే ప్రచారం మొదలుపెట్టి, ఆ వెంటనే బెదిరించింది కూడా: రాకపోతే నాలోనుండి అగ్ని బయలుదేరి లెబానోను దేవదారులను కాల్చివేస్తుందని. ఆశ్రయం ఇస్తానన్న నోటితోనే అంతలోనే నిప్పు భయం కూడా పెట్టే పాలనను ఇంతకంటే పొట్టిగా వర్ణించిన మాటలు నాకు మరెక్కడా కనిపించలేదు.

యోతాము ముండ్లపొద అన్నది షెకెమువారు రాజును చేసుకున్న తన సవతి సోదరుడు అబీమెలెకును. అతని చరిత్ర ఒక్కొక్క మెట్టుగా ఈ కథను నిజం చేసింది. షెకెమువారు అతనికి డెబ్బది వెండి రూకలు ఇచ్చారు, అవీ సొంత జేబులలోనివి కావు, బయల్బెరీతు గుడిలోనివి. అతడు వాటితో అల్లరిమూకను కూలికి తెచ్చుకున్నాడు. తన సహోదరులు డెబ్బదిమందిని ఒకే రాతిమీద చంపించాడు. తలకొక రూక. భక్తులు మొక్కుకుని వేసిన సొమ్ము ఒక మనిషిని గద్దెనెక్కించే గూండాల కూలిగా ఎలా మారిందో ఆలోచించినప్పుడు, మన ఆరాధన వేదికను అభ్యర్థులకు అద్దెలేకుండా ఇచ్చే సంఘపెద్దలు కొంచెమైనా ఉలిక్కిపడాలి. మూడేండ్ల తర్వాత ఆ షెకెమువారే అతనికి ఎదురుతిరిగారు. అప్పుడతడు సల్మోను కొండమీద ఒక చెట్టుకొమ్మ నరికి భుజాన వేసుకున్నాడు, తనతో ఉన్నవారిచేత కూడా కొమ్మలు నరికించాడు, గోపురంలో తలదాచుకున్న ఇంచుమించు వెయ్యిమంది స్త్రీపురుషులమీద వాటిని పేర్చి తగలబెట్టాడు. నీడనిచ్చే కొమ్మలను నరికి, వాటితోనే తన ప్రజలను కాల్చిన రాజు అతడు. తుదకు తేబేసులో, పేరు కూడా చెప్పబడని ఒక స్త్రీ గోపురం మీదనుండి తిరుగటి మీదిరాయిని అతని తలపైకి వదిలింది. డెబ్బదిమందిని ఒక రాతిమీద చంపినవాడు ఒక రాయి కిందనే పోయాడు.

ఈ అధ్యాయాన్ని చదివితే రాజరికమే ముండ్లపొద అనిపించవచ్చు. దేవుని ప్రజలు పాలనకు దూరంగా ఉండాలని తేల్చినవారు సంఘ చరిత్రలో లేకపోలేదు. 1527లో ష్లైట్‌హైంలో కూడిన అనబాప్టిస్టులు (పెద్దయ్యాక విశ్వసించి పొందే బాప్తిస్మమే సరైనదన్న సంస్కరణకాలపు వర్గం) ఖడ్గం దేవుని నియమమే అయినా అది క్రీస్తు పరిపూర్ణతకు వెలుపలిదని వ్రాసుకుని, విశ్వాసి న్యాయాధికారి పదవి చేపట్టరాదన్నారు. మన తెలుగు నేలమీద పాలమూరు ప్రాంతంలో వేళ్ళూనుకున్న మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలు ఆ వంశంలోనివే. టాల్‌స్టాయి కొండమీది ప్రసంగాన్ని అక్షరాలా పట్టుకుని సైన్యాన్నీ, న్యాయస్థానాన్నీ, ప్రమాణాన్నీ కూడా కాదన్నాడు. ఇరవయ్యవ శతాబ్దపు ఫ్రాన్సులో జాక్ ఎల్లుల్, బైబిలు చూపు అరాచకవాదానికే దగ్గరగా ఉన్నదని, హింసను మాత్రం పూర్తిగా విడిచిపెట్టి, వాదించాడు. వీరిని తేలికగా తీసిపారేయడం అన్యాయం. సమూయేలు మొదటి గ్రంథం ఎనిమిదవ అధ్యాయంలో దేవుడే "నన్నే విసర్జించి యున్నారు" అని బాధపడ్డాడు. మీ రాజు మీ కుమారులను రథాలకు పట్టుకుంటాడు, కుమార్తెలను వంటకత్తెలుగా పెట్టుకుంటాడు, పొలాలు తీసుకుంటాడు, ధాన్యంలో పదియవ భాగం తీసుకుంటాడు అని సమూయేలు చదివిన పట్టిక అంతా తీసుకోవడమే, ప్రజలకు ఇవ్వడం ఒక్కటీ లేదు.

అయితే మన యువకులు మరచిపోతున్న సంగతి మరొకటి ఉన్నది. యోతాము కథను భద్రపరచిన గ్రంథమే "ఆ దినములలో ఇశ్రాయేలీయులకు రాజు లేడు, ప్రతివాడును తన తన ఇష్టానుసారముగా ప్రవర్తించుచు వచ్చెను" అన్న వాక్యంతో ముగుస్తుంది. ఆ వాక్యానికి ముందు గిబియాలో ఒక లేవీయుని ఉపపత్నికి ఏమి జరిగిందో చదవండి. రాత్రంతా తలుపు అవతల ఒక స్త్రీ అరిచిన ఊరిలో ఆమె ఎవరికి ఫిర్యాదు చేసుకోగలదు? పాలకుడు లేని చోట మిగిలేది స్వేచ్ఛ అని బలంగలవారు అనుకోవచ్చు. ఆ తలుపు అవతల ఉన్నవారు అనుకోరు.

విశాఖపట్నం ఈ రెంటినీ, పాలన లేకపోవడాన్నీ పాలన నీడనూ, కొద్దిగా రుచి చూసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినది ఆదివారం నాడు. ఆ రోజు ఎవరమూ ఆరాధనకు వెళ్ళలేదు. మరునాటినుండి కరెంటు లేదు, ఫోన్లు లేవు, పెట్రోలు బంకుల దగ్గర బారులు. పాలపాకెట్టు ధర ఎవరి ఇష్టం వారిదైపోయింది. మా అక్కయ్యపాలెంలో ఒక మంచినీళ్ళ టిన్ను కోసం ఇద్దరు పెద్దమనుషులు చొక్కాలు పట్టుకోవడం నేను చూశాను, వారిలో ఒకరు ప్రార్థనాపరుడు. అదే వీధిలో మోటారుకు జనరేటరు తగిలించి, ఎవరి మతమేదని అడగకుండా బిందెలు నింపిన ఇల్లు కూడా ఉన్నది. కానీ ఆ రోజులలో నన్ను ఎక్కువగా బాధించినది చెట్లు లేకపోవడం. కొండలు కాలినట్లు గోధుమరంగుకు తిరిగిపోయాయి, నిలిచిన చెట్లకు ఆకు లేదు, ఊరంతటిలో తలదాచుకునే నీడ కరవై జనం నెత్తిన తువ్వాళ్ళు వేసుకుని నీళ్ళ ట్యాంకరు కోసం నిలబడ్డారు. అప్పుడు ఒక మధ్యాహ్నం మా మలుపులో ఒరిగిన స్తంభం దగ్గర ఒక లైన్‌మన్ తాడు నడుముకు చుట్టుకుని పని చేస్తున్నాడు. ఒంటిమీద ఖాకీ చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయి ఉన్నది. మా ఆవిడ మజ్జిగ తీసుకువెళ్ళి ఇచ్చి, "మీ ఇంట్లో వాళ్ళంతా క్షేమమేనా బాబూ?" అని అడిగితే, "మాది కడప వైపమ్మా, మా ఊళ్ళో తుపాను లేదు. ఇక్కడ మనుషులు చాలరని పంపారు" అని గ్లాసు ఇచ్చేసి మళ్ళీ స్తంభమెక్కాడు. పౌలు అధికారులను "దేవుని పరిచారకులు" అన్న మాటకు నాకు ఆ రోజునుండి ఆ ఖాకీ చొక్కా కనిపిస్తుంది. ఎక్కడో ఎవరో ఒక ఉత్తర్వుమీద సంతకం చేశారు, జిల్లాలు దాటి ఒక మనిషి వచ్చి మా వీధికి దీపం వెలిగించాడు. అతని జీతంలో మనం కట్టిన పన్ను ఉన్నది. ఏ పాలనా అక్కరలేదనేవారు ఆ లైన్‌మన్‌ను కూడా అక్కరలేదంటున్నారు.

ఈ నీడ మాటను పట్టుకుని మిగతా లేఖనాల్లో నడిచి చూడండి, దేవుడు ప్రభుత్వాలను ఎలా కొలుస్తాడో అర్థమవుతుంది. దానియేలు నాలుగవ అధ్యాయంలో నెబుకద్నెజరు రాజ్యం ఆకాశమంత ఎత్తు పెరిగిన చెట్టుగా కనిపించింది; దాని నీడలో అడవి జంతువులు పడుకున్నాయి, కొమ్మలలో పక్షులు కూడుకున్నాయి, సమస్త జీవులకూ దానివల్ల ఆహారం దొరికింది. ఇది అన్యుడైన చక్రవర్తిని గూర్చిన మాట, యెరూషలేమును చెరపట్టినవానిని గూర్చిన మాట! అతని పాలనలో ఉన్న నీడను దేవుడు కాదనలేదు. ఆ చెట్టును నరకమన్నది కూడా నీడ ఇచ్చినందుకు కాదు, ఆ నీడ తన సొంతమనుకున్నందుకు. దానియేలు రాజుకు ఇచ్చిన సలహా సూటిగా ఉన్నది: నీతిని అనుసరించు, బాధపడుతున్న బీదలకు కరుణ చూపు. నరికిన తరువాత సైతం దేవుడు మొద్దును ఇనుము, ఇత్తడి కట్టుతో భూమిలో ఉంచమన్నాడు. పాలకుని అహంకారం పడాలి గాని వేరు పెకలిపోకూడదు. యెషయా ముప్పది రెండవ అధ్యాయంలో నీతిగల రాజును వర్ణిస్తూ, అలసట పుట్టించే దేశంలో గొప్ప బండ నీడ అన్నాడు. ప్రభువు తన రాజ్యాన్ని గూర్చి చెప్పవలసివచ్చినప్పుడు ఆవగింజను తీసుకుని, అది పెరిగి పక్షులు దాని నీడన నివసించేటంత కొమ్మలు వేస్తుందన్నాడు. కాబట్టి ఏ ప్రభుత్వాన్ని గూర్చియైనా విశ్వాసి అడగవలసిన ప్రశ్న అది ఏ పార్టీదని కాదు, మన మందిరానికి ప్రహరీగోడ కట్టించిందా అని అసలే కాదు. దాని కింద తలదాచుకోవలసినవారికి నీడ దొరుకుతున్నదా, విధవరాలికి, వలసకూలికి, నిర్వాసితునికి దొరుకుతున్నదా అని.

ఇప్పుడు రోమా పత్రికకు వెళ్ళవచ్చు. పౌలు ఆ మాటలు వ్రాసినది నీరో సింహాసనం మీద ఉన్న రోములోని విశ్వాసులకు. ఆ ప్రభుత్వమే తరువాత అతని తల తీసిందని సంఘ సంప్రదాయం చెబుతున్నది. పన్నెండవ అధ్యాయం చివర "మీకు మీరే పగతీర్చుకొనవద్దు" అన్నవాడు పదమూడులో చెడ్డవారిని శిక్షించే పనిని అధికారి చేతికి అప్పగించి, ఎనిమిదవ వచనంలో ప్రేమ తప్ప మరే అప్పూ ఉంచుకోవద్దంటూ తిరిగి విశ్వాసుల దగ్గరికి వస్తాడు. ఈ ముందువెనుకలు కత్తిరించి మొదటి వచనాన్ని ఒక్కదాన్నే శాలువాతో కలిపి ఇవ్వడం వాక్యానికి అవమానం.

లోబడడం వేరు, తలూపడం వేరు. హెబ్రీ మంత్రసానులు షిఫ్రా, పూయా ఫరో ఆజ్ఞను పాటించలేదు. దేవుడు వారికి మేలు చేశాడు. దానియేలు సింహాల గుహలో పడేంతవరకు రాజాజ్ఞను మీరాడు, కానీ గుహలోనుండి అతని నోట వచ్చిన మొదటి మాట "రాజు చిరకాలము జీవించునుగాక" అన్నది. రెండవ శతాబ్దంలో స్ముర్న బిషప్పు పోలికార్పు, క్రీస్తును దూషించమన్న అధిపతి ఎదుట ఎనుబది ఆరేండ్ల సేవను గుర్తుచేసి నిరాకరించాడు. అదే విచారణలో, దేవుడు నియమించిన అధికారులకు తగిన గౌరవం ఇవ్వాలని మాకు నేర్పబడిందని కూడా అన్నాడు. చావు ఎదుట నిలబడి పలికిన మాటలవి. మన దేశంలోనే 1985లో కేరళలో యెహోవాసాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలను బడినుండి తీసివేశారు. జాతీయగీతం వేళ వారు అందరితోపాటు లేచి గౌరవంగా నిలబడేవారు, పాడేవారు మాత్రం కాదు. 1986లో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోమన్నది. ఆ తీర్పు వ్రాసినది మన తెలుగువారైన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి. ఆ శాఖవారి సిద్ధాంతాలతో నాకు సమ్మతి లేదు, నేనైతే గీతాన్ని సంతోషంగా పాడతాను. అయినా లేచి నిలబడి నోరు మూసుకున్న ఆ పిల్లల తీరులో, రాజు నిలిపిన ప్రతిమకు మ్రొక్కని షద్రకు, మేషాకు, అబేద్నెగోల పోలిక నాకు కనిపించక మానదు. తప్పించుకొని పారిపోలేదు, రాళ్ళు రువ్వలేదు, పాడనూ లేదు. న్యాయంకోసం ప్రభుత్వపు న్యాయస్థానానికే వెళ్ళారు, పౌలు కైసరు ఎదుట చెప్పుకొంటానన్నట్లుగా.

మన ఊరి సంగతే తీసుకోండి. లండన్ మిషనరీ సొసైటీవారైన క్రాన్, డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చిననాటికి ఈస్టిండియా కంపెనీ దొరతనం మిషనరీలను అనుమానంగానే చూసేది. కంపెనీ నేలమీద చోటు దొరకకనే మిషనరీ విలియం కేరీ బెంగాలులో డేనిషువారి సెరాంపూర్‌లో స్థిరపడ్డాడు. క్రాన్, డెగ్రాంజెస్ దొరతనంమీద కత్తి కట్టలేదు, దాని ఆశీర్వాదం కోసం కాచుకోనూ లేదు. ఆనందరాయర్ సహాయంతో సువార్తలను తెలుగులోకి దించుతూ కూర్చున్నారు. 1810 నాటికి ఇద్దరూ కన్నుమూశారు. వారి పని 1812లో సెరాంపూర్‌లో అచ్చయ్యింది. మిషనరీలకు దారి తెరిచిన చార్టరు చట్టం వచ్చినది 1813లో. అనుమతి వచ్చేసరికి పుస్తకం సిద్ధంగా ఉన్నది.

వ్రాస్తూ ఉంటే నా మనసు మళ్ళీ మళ్ళీ వెళ్ళి ఆగేది ప్రభువును విచారించిన రోమా అధిపతి పిలాతు మందిరం దగ్గర. రొట్టెలు తిన్న జనం తనను బలవంతంగా రాజును చేయవచ్చినప్పుడు ఒంటరిగా కొండకు వెళ్ళిపోయిన ప్రభువు, ఊగడానికి రానన్న ఒలీవచెట్టు లాంటివాడు. ఒలీవల కొండమీదనే, రాత్రివేళ, పట్టుబడ్డాడు. నేను నిజమైన ద్రాక్షావల్లిని అని అంతకు ముందే శిష్యులతో అన్నాడు. అలాంటివాని తలకు ప్రభుత్వ సైనికులు కిరీటం అల్లవలసివచ్చినప్పుడు వారి చేతికి అందినది ముండ్లు. రాజు కావాలని ఉబలాటపడిన ముండ్లపొద, రాజరికాన్ని కాదని నడిచినవాని నుదుట దిగింది. ఆ తలతో, ఆ రక్తంతో నిలబడి కూడా ఆయన పిలాతు అధికారాన్ని అబద్ధమనలేదు. పైనుండి ఇయ్యబడితేనే తప్ప అది నీకు ఉండదన్నాడు. అంటే ఉన్నదని ఒప్పుకున్నాడు, నీది కాదని చెప్పాడు, నన్ను అప్పగించినవానికి ఎక్కువ పాపమని అనడంలో నీకూ కొంత ఉన్నదని తెలియజేశాడు. మూడు మాటలూ నోట మాట్లాడే శక్తి సన్నగిల్లుతున్న మనిషి పలికినవి. సిలువమీద ఆయనకు ఏ చెట్టు నీడా లేదు. మనం ఎవరి నీడన బ్రతుకుతున్నామో ఆయన ఆ ఎండలో వ్రేలాడాడు. ప్రభువా, నీ పేరు చెప్పుకుని మేము ఎవరెవరికో శాలువాలు కప్పుతున్నాము.

సంఘపెద్దలారా, ఇక సూటిగా చెబుతాను. తిమోతి పత్రికలో రాజులకొరకును అధికారులందరికొరకును విజ్ఞాపనలు చేయమన్న ఆజ్ఞను మనం ప్రకటనలకూ కానుకలకూ మధ్య ఒక ఊపిరిలో ముగించేస్తున్నాము. "అధికారులను ఆశీర్వదించు తండ్రీ" అని అనేసి పాట ఎత్తుకుంటున్నాము. యిర్మీయా బబులోనులోని చెరవారికి ఆ పట్టణం క్షేమంకోసం ప్రార్థించమని వ్రాసినప్పుడు, అది వారిని బంధించిన పట్టణం. వారు అక్కడ ఇండ్లు కట్టుకుని, తోటలు నాటి, ప్రార్థించవలసివచ్చింది. కలెక్టరుకోసం, పోలీసు కమిషనరుకోసం, మీ వార్డు కార్యాలయంలో కూర్చున్న అమ్మాయికోసం, రాత్రి గస్తీ తిరిగే కానిస్టేబులుకోసం విడివిడిగా ప్రార్థించండి. లంచం అడిగితే ఇవ్వకండి, అడిగినవానికోసం కూడా ప్రార్థించండి. ఇంటిపన్ను గడువులోగా కట్టి, అదే చేత్తో రోడ్డుమీది గుంతను గూర్చి అర్జీ వ్రాయండి. సంఘ ఎన్నికలు సవ్యంగా జరుపుకోలేక కోర్టుల చుట్టూ తిరిగే మనం దేశానికి విధేయతను గూర్చి బోధించే ముందు మన నియమావళిని ఒకసారి తిరగేయడం మంచిది. యువకులారా, ఓటు మానవద్దు. చెట్లు రాజును అడగడానికి బయలుదేరినప్పుడు ఇంట్లో కూర్చున్న చెట్టును కూడా ఆ నిప్పు వదిలిపెట్టదు.

అభ్యర్థి వస్తే రానివ్వండి. అందరితోపాటు బల్లమీదనో చాపమీదనో కూర్చోనివ్వండి, శాలువా మాత్రం బీరువాలోనే ఉంచండి. ప్రసంగం ముగిసినదాకా వాక్యం విననివ్వండి, ఆ రోజు వీలైతే న్యాయాధిపతులు తొమ్మిదే చదవండి. విజ్ఞాపన ప్రార్థన వచ్చినప్పుడు ఆయన పేరెత్తి ప్రార్థించండి, బీదల ఎదుట ఆయనకు దేవుడు భయం పుట్టించాలని అడగండి. ఆయన ప్రత్యర్థి పేరు కూడా ఆ ప్రార్థనలోనే, ఆయన వింటుండగానే, అదే గొంతుతో పలకండి.